వృత్రము, సేతువు: ఓరుగల్లు సీమ జలవాఙ్మయ విమర్శనము

నీటికి సంస్కృతమున జీవన మను నామము కలదు. ప్రాణధారణార్థకమగు జీవధాతువుపైఁ గరణార్థమున ల్యుట్ప్రత్యయము రాఁగా, దేనిచేతఁ బ్రాణులు జీవించునో యది జీవన మను నర్థము సిద్ధించుచున్నది. అమరసింహుఁడు నీటి పేరులలో నీ పదమును భువన, వన శబ్దముల సరసనే చేర్చెను. నదులు ప్రాణమునకు మూల మను సిద్ధాంత మీ యొక్క నామముననే యిమిడియున్నది. కావున నదిని గొనియాడుటకు వేఱు వాద మక్కఱలేదు. నదికిఁ గలుగు నవరోధమును గూర్చి వాఙ్మయ మేమి చెప్పినది? ఏ యడ్డు నదికి శత్రువు, ఏ యడ్డు మిత్రము? ఈ ప్రశ్న మాత్రము తెలుఁగు విమర్శకులచేఁ దగినంతగా విచారింపఁబడలేదు. మహానది యేదియు చెంత లేక, చెఱువులచేతనే బ్రదికిన యోరుగల్లు సీమ యీ విచారమునకు ముఖ్యమైన నిదర్శనభూమి.

మొదట శబ్దములను బరిశీలింపవలెను. నదీశబ్దము ధ్వన్యర్థకమగు నదధాతువువలనఁ బుట్టినది. పచాదిగణమున 'నదట్' అని టిత్తుగాఁ బఠింపఁబడుటచే స్త్రీత్వమున ఙీప్పు వచ్చి 'నదీ' యైనది. ధ్వనించుచుఁ బోవుటచేతనే నదుల కీ పేరు గలిగెనని నిరుక్తకారుఁడగు యాస్కుఁడును నిర్వచించెను. శబ్దము నదికి స్వభావ మన్నమాట. నిశ్శబ్దమైన నది యెండినదో బంధింపఁబడినదో కావలెను.

ఋగ్వేద తృతీయమండలమునందలి 33వ సూక్తము విశ్వామిత్రునకును, విపాట్ శుతుద్రి యను నదులకును నడచిన సంవాదము. నేఁడు బియాసు, సట్లెజు అని వాడుకలోనున్న వా నదులే. అందు నదులు తామే మాటలాడుచున్నవి. తమ మార్గమును ద్రవ్వినవాఁ డింద్రుఁడనియు, తమ్ము చుట్టియున్న వృత్రు నతఁడు తొలఁగఁగొట్టెననియుఁ జెప్పుకొనుచున్నవి. వృత్రశబ్దమును యాస్కుఁడు వృ, వృత్, వృధ్ అను మూఁడు ధాతువులనుండి నిర్వచించెను. నైరుక్తుల మతమున వృత్రుఁడు మేఘము. ఐతిహాసికుల మతమునఁ ద్వష్టృపుత్రుఁడగు నసురుఁడు. ఏ పక్షమున నిలిచినను వృత్రత్వ మనఁగా నీటి నావరించి విడువకుండుటయే.

సేతుశబ్దము దీని సరసఁ బెట్టి చూడఁదగినది. బంధనార్థకమగు సిఞ్ ధాతువుపై నౌణాదికమగు తున్ ప్రత్యయము చేరి సేతువైనది. ఇదియు బంధించునదే. కాని లోకమున నీ పదమునకుఁ గట్ట యనియు వారధి యనియు రెండర్థములు చెల్లుచున్నవి. నీటిని నిలుపునదియు సేతువే, జనుల నావలికిఁ జేర్చునదియు సేతువే. బంధనము వృత్రమునకును సేతువునకును సమానము; భేద మంతయు విడుచుటయందున్నది. వృత్రము పట్టి విడువదు. సేతువు పట్టి, కాల మెఱిఁగి విడుచును. జలవర్ణనములను విమర్శించుట కీ భేదమే గీటుఱాయిగా గ్రహింపఁదగియున్నది.

ఈ గీటుఱాయిపైఁ దెలుఁగు కావ్యములను బెట్టి చూచినచో మొదటఁ గొంత నిరాశ కలుగును. దండి మొదలగువారు మహాకావ్యమునకుఁ జెప్పిన వర్ణనములు పిదప నష్టాదశవర్ణనము లని ప్రసిద్ధి కెక్కినవి. ఆ 18 వర్ణనములలో నగరము కలదు, సముద్రము కలదు, పర్వతము కలదు, ఋతువులును చంద్రసూర్యోదయములును గలవు. ఉద్యానక్రీడయు జలక్రీడయుఁ గలవు. నదికిఁగాని తటాకమునకుఁగాని ప్రత్యేకస్థానము లేదు. నీరు క్రీడకు సాధనముగాఁ గావ్యమునఁ బ్రవేశించినది గాని జీవనసాధనముగాఁ బ్రవేశింపలేదు. ఈ పట్టికను శిరసావహించిన ప్రబంధకవి నదిని స్పృశించినపుడు పురమున కొక మేఖలగనో, కథాపాత్రముల విహారమునకు రంగస్థలముగనో చేసెను. పైరు, కఱవు, గండి, పూడిక యను మాటల కచ్చటఁ దావు దొరకుట యరుదు.

వృత్రకథకుఁ బట్టిన గతియు నిట్టిదే. భాగవత షష్ఠస్కంధమున వృత్రుఁడు లోకముల నావరించినవాఁ డను నిర్వచనము మిగిలినది గాని, నీటిని నిర్బంధించినవాఁ డను వేదార్థము వెనుకఁబడినది. అతఁడచ్చట భక్తాగ్రేసరుఁడై, యుద్ధభూమి నింద్రునకే తత్త్వము నుపదేశించువాఁ డైనాఁడు. ఏర్చూరి సింగన తెనిఁగించినది యా కథనే. భక్తిరసమునకు దానివలన గొప్పలాభము కలిగెననుటకు సందేహము లేదు. నీటి కథ మాత్ర మందు మఱుగుపడెను.

ఇందుల కపవాదములు లేకపోలేదు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునఁ గృష్ణదేవరాయలు రాజనీతిని బలికించుచు, రాజ్యము చిన్నదైనను జెఱువులు కాలువలు త్రవ్వించి, పేదలకుఁ దక్కువ పన్నున భూము లిచ్చినచో నర్థధర్మములు రెండును వృద్ధిఁబొందునని చెప్పించెను. నీటిని బన్నుతోడను బేదవానితోడను ముడివెట్టిన పద్య మిది. రాజై యుండి కవియైనవానికే యీ దృష్టి యలవడుట గమనింపఁదగినది.

రెండవ యపవాదము పోతన. అతని బమ్మెర నేఁటి జనగామ జిల్లాలోనిది, ఓరుగల్లునకు దూరము కాదు. దశమస్కంధమునఁ గాళియమర్దనమును భక్తికథగాఁ జదువుట సంప్రదాయము. అదియే కథను నదీదృష్టితోఁ జదివినను లోప మేమియుఁ గలుగదు. అందు మూఁడంశములు కానవచ్చుచున్నవి. మొదటిది, కీడు త్రాగువానివైపునుండి చెప్పఁబడినది. వేసవి తాపమున దప్పిగొన్న గోవులును గోపకులును మడుఁగునీరు త్రావి నేలఁబడుటతోనే విషము సంగతి కథలోఁ బ్రత్యక్షమగుచున్నది. రెండవది, కాళియుఁడు తన క్రౌర్యము జాతిస్వభావమని విన్నవించుకొనుట. కృష్ణుఁ డా మాటను గాదనలేదు, సర్పమును జంపలేదు, మడుఁగు విడిచి సముద్రమునకుఁ బొమ్మని యాజ్ఞాపించెను. విషము పామునకు సహజము, నది దానికిఁ దగిన చోటు కాదు. మూఁడవది, పాము వెడలిన పిదప నీరు మఱల నమృతతుల్యమగుట. నది స్వభావముచే నిర్మల, మాలిన్య మాగంతుకము. ఆగంతుకమును దొలఁగించినచో స్వభావము తానే వెలువడును.

దశమస్కంధముననే బలరాముఁడు యమునను నాఁగలితో లాగిన కథయుఁ గలదు. పిలిచిన రాని నదిని గర్షకుని పనిముట్టుతో నీడ్చుట, ఆమె ప్రార్థింపఁగా విడుచుట, రెండును బ్రధానములే. కాలువ త్రవ్వు కృషీవలుని చేష్ట యా కథలోఁ బురాణరూపము దాల్చినదని యూహింపవచ్చును. పట్టుటయు విడుచుటయు నను సేతుధర్మము రెండవ పాదమున నెఱవేఱినది. పోతనను మృదుమధుర శబ్దములకే పొగడుచు నీ భాగములలోని లోకవ్యవహారమును వదలివేయుట విమర్శలోని లోపము.

ఇఁక శాసనములకు రావలెను. అంతకుముందు భూమి స్వరూప మెఱుఁగవలెను. ఓరుగల్లు గోదావరీకృష్ణల నడిమి మెట్టపై నున్నది. దక్షిణమున వాన కురిసిన నీరు ఆకేఱు, మున్నేఱులఁ గలసి కృష్ణకుఁ బోవును. ఉత్తరపు వాలున కురిసినది గోదావరిఁ జేరును. రెండు మహానదులకు నీరిచ్చు మెట్టకుఁ దనదని చెప్పుకొనుటకు జీవనది లేదు. వానను బట్టి నిలుపనిచో నిచ్చట రాజధాని నిలువదు. 1323లో నంతరించిన కాకతీయ ప్రభుత్వము చెఱువులను గోటలతో సమానముగాఁ జూచుటకు హేతువిదియే. గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి పాకాల చెఱువును గట్టించెను. 1213లో రేచర్ల రుద్రుఁ డెత్తించిన రామప్ప గుడి చెంత రామప్ప చెఱువు నేఁటికి నీరిచ్చుచున్నది. గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారమున ధర్మకీర్తిసముద్ర మను చెఱువును ద్రవ్వించి శాసనము వేయించెను.

ఈ సముద్రనామము విమర్శార్హము. చెఱువును సముద్ర మనుట యతిశయోక్తి యని త్రోసివేయవచ్చును. కాని కావ్యలక్షణములోని 18 వర్ణనములలో సముద్రమునకుఁ జోటున్నదనియు, తటాకమునకు లేదనియుఁ బైనఁ జూపఁబడినది. లక్షణగ్రంథ మీయని స్థానమును శాసనము నామకరణముచేతనే చెఱువున కిచ్చినది. పైగా లవణసముద్రము త్రాగుటకుఁ బనికిరాదు. ఈ సముద్రము దప్పి తీర్చును, పైరు పండించును. కాకతీయుల వంశావళి యందున్నదని చరిత్రకారులు బయ్యారపు శాసనమును శ్రద్ధతోఁ జదివిరి. అది యే ధర్మమునకై పుట్టినదో యా తటాకమునకై చదివిన సాహిత్యవిమర్శకు లరుదు.

తటాకశాసనములలో శాస్త్రదృష్టికిఁ దలమానికమైనది కడప జిల్లా పోరుమామిళ్లలో నున్నది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు 1369లో వేయించిన సంస్కృతశాసన మది. అందుఁ జెఱువునకు 12 అంగములును 6 దోషములును జెప్పఁబడినవి. ధర్మమును, ధనమును, కీర్తికాంక్షయుఁ గల రాజు. జలశాస్త్ర మెఱిఁగిన విప్రుఁడు. గట్టిమన్ను గల నేల. మూఁడు యోజనముల దూరమునుండి తియ్యని నీరు తెచ్చు నది. చెఱువు నంటియున్న కొండ. ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు గాక, దృఢమై ఱాతితోఁ గట్టిన కట్ట. ఫలభూమికి వెలిగా నున్న కొనలు. లోఁతును వైశాల్యమును గల గర్భము. చక్కని పొడవైన ఱాళ్లు దొరకు గని. చెంతనే పండు సమతలక్షేత్రములు. కొండ యునికిచే సుడిగొని వచ్చు ప్రవాహము. పని నేర్చిన జనసమూహము: ఇవి యంగములు. కట్టనుండి నీ రూరుట, చవిటి నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ నేల మిట్టయై యుండుట, నీరు తక్కువయై పొలము పెద్దదగుట, నీ రెక్కువయై పొలము చిన్నదగుట: ఇవి దోషములు. వేయిమంది పనివారును 100 బండ్లును 2 సంవత్సరములు పనిచేసినట్లు శాసనమే చెప్పుచున్నది.

ఇది పద్యములలో నున్నను గావ్యము కాదనియు, శాస్త్రపు లెక్క యనియుఁ గొందఱు చెప్పవచ్చును. ఆ పూర్వపక్షమునకు సమాధానము సంప్రదాయముననే కలదు. సప్తసంతానములలోఁ దటాకమును గృతియు నొక్క వరుసలోఁ జేరినవి. ఒక ప్రభువు చేసిన పుణ్యము నీ రెండింటను సమానముగా నిలిచెడినని పూర్వులు తలంచిరి. రెంటికిని దోషవిచార మావశ్యక మగుటయు సహజమే. కావ్యదోషము రసమునకు భంగము కలిగించును. తటాకదోషము నీటికి భంగము కలిగించును. రసశబ్దమునకు నీరనియు నర్థ మున్నది కదా. పోరుమామిళ్ల శాసనకర్త యలంకారముల జోలికిఁ బోలేదు. అతని యంగము లన్నియుఁ గంటఁ జూచి కొలువఁదగినవి. వర్ణ్యవస్తువున కనుగుణమైన యీ నిరాడంబరత యౌచిత్యమే గాని కవిత్వలోపము కాదు. పైగా నతఁడు మొదటి యంగముగా రాజును, చివరి యంగముగాఁ బనివారిని నిలిపెను. చెఱువు నిలువవలె నన్నచో నీ యిద్దఱును గావలె నను నర్థ మా క్రమముననే యున్నది.

శాసనములతోపాటు వాడుకమాటలును విమర్శకుని దృష్టికి రావలెను. ఓరుగల్లు సీమలో చెఱువున కొక సంపూర్ణ పరిభాష కలదు. కట్ట నీటిని బట్టును. తూము పొలమునకు విడుచును. మిగిలినదానిని మత్తడి యావలికిఁ బంపును. కోస్తాలో నలుఁగనఁబడునది యిచ్చట మత్తడి. తూము నీరు పంచువాఁడు నీరటికాఁడు, పాఱు భూమి యాయకట్టు. ఈ మాట లన్నియుఁ బట్టుటయు విడుచుటయు నను రెండు క్రియలచుట్టే తిరుగుచున్నవి. తూమును మత్తడియు లేని కట్టకుఁ దెలుఁగున మంచి పేరు లేదు, అది యడ్డుమాత్రమే.

ఈ పరిభాషలో నొక పదము వ్రాఁత దోషముచేఁ జెడిపోయినది. నీరు నిలుచు చెఱువు గర్భమును దెలంగాణపు భూమిపత్రములలో శిఖము అని వ్రాయుచున్నారు. ఒత్తు ఖకారమును జూచి శిఖాశబ్దజ మని యెంచినచో నర్థము తలక్రిందులగును. ఇది కడుపని యర్థమిచ్చు పారసీక శికమ్ శబ్దమునుండి వచ్చినది; శికము అని వ్రాయుట న్యాయము. శిఖ యున్నతస్థానము, కడుపు నిమ్నస్థానము. ఈ పదపు నిజార్థము నెఱిఁగినవాఁడు శికము భూమిని నివేశనస్థలముగాఁ దలంపఁడు. కడుపులో నిల్లు కట్టినచో నీరు పొంగి యింటిలోనికే వచ్చును.

ఓరుగంటి యిటీవలి కథ యీ సంగతినే చూపినది. 2020 ఆగస్టు వానలకు నగరములోని పల్లపుటిండ్లు మునిఁగినవి. 2023 జూలైలో మట్టెవాడకు సమీపముననున్న భద్రకాళీ తటాకపుఁ గట్టకు గండి పడినది. ఆ గండి పోతన పేరు గల పేట వైపుననే పడుట యాకస్మికమే యైనను, కాళియకథను జదివినవారికి స్ఫురింపకపోదు. 2024 నవంబరులోఁ బూడికతీఁతకై యా చెఱువు నీటిని దిగవిడిచిరి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణములో 46,000కు మించిన చెఱువులను బాగుచేయ నుద్దేశించినది. పూడికయుఁ గట్టయుఁ బట్టించుకొనఁబడుట సంతోషకరము. కాని యీ సీమ చెఱువులు గొలుసుకట్టుగా నున్నవి. మీఁది చెఱువు మత్తడి నీరు క్రింది చెఱువునకుఁ జేరు దారి చెఱువంత ముఖ్యము. ఆ దారిపై నిండ్లు లేచినచో, వీథుల మురుగు దానిలోఁ గలసినచో, రెండు చెఱువులు మిగిలియుండియు గొలుసు తెగును. దారి నాక్రమించుట వృత్రకార్యము, మురుగు వదలుట కాళియకార్యము. మురుగు నగరమునకు సహజమే. చెఱువు దానికిఁ దగిన చోటు కాదు.

పోరుమామిళ్ల శాసనము చెప్పిన మూఁడవ దోషము, అనఁగా రెండు రాజ్యముల సరిహద్దు, నేఁడు మహానదులకే పట్టినది. కృష్ణాజలవివాదమునకై 1969లో నేర్పడిన బచావత్ న్యాయాధికరణ మప్పటి యాంధ్రప్రదేశమునకు 811 శతకోటి ఘనపుటడుగుల నీటిని గేటాయించెను. 2014 విభజన పిదప నా పాలునే రెండు రాష్ట్రము లెట్లు పంచుకొనవలెనను వివాదము మొలిచినది. మున్నేఱు మొదలగు నుపనదుల నీరును జేరునది యా కృష్ణలోనికే. మఱియొకవైపు గోదావరీజలము దేవాదుల యెత్తిపోతల పథకముచే ధర్మసాగరమునకు వచ్చుచున్నది. మెట్టసీమకు మహానది యెక్కి వచ్చుట పూర్వు లెఱుఁగని భాగ్యము. అయినను దూరపు నది వచ్చుచున్నదని యింటి వాన దారులను మూసివేయుట వివేకము కాదు. ఆనకట్టలన్నియు వృత్రములే యని నిందించుటయు, అన్నియు సేతువులే యని కొనియాడుటయు విమర్శ కాదు. విడుపు కలదా, క్రింది నది వేసవిలోను ధ్వనించుచున్నదా యని యొక్కొక్కదానిని విడివిడిగాఁ బరీక్షింపవలెను.

ఈ పరీక్షతోఁ బండితులకుఁ బని లేదని తలంపరాదు. విపాశానది యుత్తరతీరమునందలి బావుల పేరులకు వేఱు ప్రత్యయమును విధించుటకై పాణిని యొక సూత్రమునే రచించెను. రూప మొక్కటియే యైనను, ఆ ప్రత్యయభేదమువలన స్వరము మాఱును. సూత్రకారుని యీ సూక్ష్మదృష్టిని గాశికావృత్తికారులు ప్రత్యేకముగాఁ బ్రశంసించిరి. నదికి నుత్తరపు బావిపేరు దక్షిణపు బావిపేరుకంటె వేఱు స్వరమునఁ బలుకఁబడు నని విన్న వైయాకరణుని చెవి, మత్తడి కలుఁగునకుఁ గల ప్రాంతభేదమును వినలేకపోవుట సంప్రదాయమునకుఁ దగినది కాదు. మట్టెవాడలో శబ్దానుశాసనమను పేరుతోనే యాంధ్రభాషానిలయము వెలసినది. శబ్దానుశాసన మనఁగా వ్యాకరణము. ఆ పేరు గల నిలయ మున్న వాడలో చెఱువు మాటలు లెక్కకెక్కకుండుట న్యాయము కాదు.

చేయఁదగిన పనులు మూఁడు గలవు. పోరుమామిళ్ల శాసనమును, బయ్యారపు శాసనములోని తటాకభాగమును దాత్పర్యముతోఁ బాఠశాలలలోఁ జదివింపవలెను. కాళియమర్దనమును బోధించునపుడు త్రాగునీటి ప్రసంగమును విడువరాదు. కట్టపైఁ బనిచేసిన నీరటికాండ్రు నేఁటికిఁ గొందఱు మిగిలియున్నారు గావున, వారి నోటి మాటలను సరియైన యర్థములతోను వ్రాఁతతోను నిఘంటువులఁ జేర్పవలెను. తూము తెఱవఁబడని చోట నా మాటయుఁ గొంతకాలమునకు మఱపునఁ బడును. మాట పోయిన పిదప దానిని దెఱవవలెనని యడుగుటయుఁ గష్టమగును. నదీసూక్తమున నదులు తామే మాటలాడినవి. ఓరుగంటి చెఱువులకు మాట యిచ్చినవి శాసనములును వాడుకయు మాత్రమే. వానిని సాహిత్యముగా గ్రహించి పరిశోధకు లీ విచారమును ముందునకుఁ గొనిపోవుదురు గాక.